వార్తల్లో పదం: కోలినెస్టరేజ్

నరం నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను, పని కాగానే విడగొట్టే ఎంజైము ఇది. ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు దీన్ని కట్టిపడేస్తాయి. ఇక కబురు ఆగదు: కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, చొంగ, చెమట, వాంతులు, కండరాల అదురు, ముదిరితే ఊపిరే అందదు. మందు నోట్లోకి పోనక్కర్లేదు, తడిసిన చొక్కా చాలు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు. ఆస్పత్రిలో ఇచ్చే అట్రోపిన్ లక్షణాలను అణచుతుందే తప్ప ఎంజైమును బాగుచేయదు. ఎంజైము ఎంత దెబ్బతిందో రక్తపరీక్ష చెబుతుంది, కానీ దాని మామూలు స్థాయి మనిషికీ మనిషికీ మారుతుంది. మందు కొట్టే సీజనుకు ముందే ఆ పరీక్ష చేసి ఉంచకపోతే తర్వాత వచ్చిన అంకెను దేనితో పోల్చాలి? ఈ పురుగుమందులతో పనిచేసేవారికి పరీక్ష చేయాలని మన 1971 పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది. వీపున ట్యాంకు మోసే రోజుకూలీ దాకా మాత్రం అది రాలేదు.