అతివేగానికి కళ్లెం: టర్బైన్ రక్షణ వ్యవస్థలు, మన బాధ్యత

టర్బైన్ హాలులో అడుగుపెట్టిన వారికి మొట్టమొదట వినిపించేది ఒకే శ్రుతిలో సాగే హోరు. ఆ శ్రుతి మారనంతవరకు అంతా సవ్యంగా ఉన్నట్లే లెక్క. మన దేశంలో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ పౌనఃపున్యంతో సాగుతుంది. కనుక గ్రిడ్‌తో అనుసంధానమైన రెండు ధ్రువాల జనరేటరును తిప్పే టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరగవలసిందే. పగలనక రాత్రనక నెలల తరబడి ఆ వేగం దాదాపు స్థిరంగా ఉంటుంది. ఆ స్థిరత్వమే మనలో ఒక విధమైన ధీమాను పెంచుతుంది. వేగం హద్దు మీరిన క్షణాన యంత్రాన్ని ఆపవలసిన సాధనాలు మాత్రం ఏళ్ల తరబడి పని లేకుండా వేచి ఉంటాయి. వాటికి పని తగలకపోవడం మన అదృష్టమే. అయితే ఆ అవసరం కలిగిన నాడు అవి పనిచేస్తాయన్న నమ్మకం మనకు ఎక్కడి నుండి రావాలి? ఈ వ్యాసం ఆలోచించబోయేది ఈ ఒక్క ప్రశ్ననే.

వేగం పెరిగితే జరిగేదేమిటి?

నిమిషానికి 3000 చుట్లు తిరిగే రోటరుపై కేంద్రం నుండి 1 మీటరు దూరంలో ఉన్న బిందువు సెకనుకు 314 మీటర్లు, అంటే గంటకు సుమారు 1130 కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది. అక్కడ 1 కిలోగ్రాము బరువు గల బ్లేడు ఉన్నదనుకుంటే, దానిని బయటికి లాగే అపకేంద్ర బలం దాదాపు 10 టన్నుల బరువుతో సమానం. ఈ బలం వేగానికి వర్గానుపాతంలో పెరుగుతుంది. వేగం 10 శాతం పెరిగితే బలం 21 శాతం, వేగం 20 శాతం పెరిగితే బలం 44 శాతం పెరుగుతాయి. రూపకల్పన చేసేవారు కొంత అతివేగాన్ని తట్టుకునేలా రోటరును తయారుచేస్తారు. అయితే ఆ అదనపు బలానికి ఒక అంతు ఉన్నది. దానిని దాటితే బ్లేడు విడివడుతుంది, లేదా డిస్కు పగులుతుంది. పగిలిన ముక్కలు కేసింగును చీల్చుకొని వస్తే హాలులోని మనుషులకు రక్షణ ఉండదు. కందెన నూనె, జనరేటరును చల్లబరచే హైడ్రోజన్ అంటుకుంటే అగ్నిప్రమాదం కూడా తోడవుతుంది.

ఇదంతా జరగడానికి పట్టే సమయం ఎంత? పూర్తి ఆవిరితో నిశ్చల స్థితి నుండి 3000 చుట్లకు చేరడానికి 8 సెకన్లు పట్టే రోటరును ఉదాహరణగా తీసుకుందాం. పూర్తి లోడుపై నడుస్తుండగా జనరేటరు బ్రేకరు తెరుచుకొని, ఆవిరి మాత్రం యథాప్రకారం వస్తూ ఉంటే, ఆ రోటరు సెకనుకు 375 చుట్ల చొప్పున వేగం పుంజుకుంటుంది. అంటే 3300 చుట్ల హద్దును చేరడానికి ఒక్క సెకను కూడా పట్టదు. కంప్రెసరునో పంపునో తిప్పే చిన్న టర్బైన్లలో కప్లింగు విరిగితే పరిస్థితి మరింత తీవ్రం. రోటరు తేలికైనది కనుక ఇంకా త్వరగా పరుగందుకుంటుంది. మనిషి గమనించి, ఆలోచించి, చేయి చాచి ట్రిప్ లీవరును లాగే వ్యవధి అక్కడ ఉండదు. రక్షణ తనంతట తానే జరగాలి.

అంచెలంచెల రక్షణ

ఆవిరి యంత్రానికి జేమ్స్ వాట్ 1788లో తిరుగుడు గుండ్ల గవర్నరును అమర్చాడు. వేగం పెరిగితే గుండ్లు విచ్చుకొని ఆవిరిని తగ్గించే ఆ సూత్రమే నేటికీ మొదటి అంచె. నేడు గుండ్ల స్థానంలో చాలాచోట్ల ఎలక్ట్రానిక్ గవర్నర్లు వచ్చాయి. లోడు ఒక్కసారిగా పోయినా వేగం ట్రిప్ హద్దును తాకకుండా కంట్రోల్ వాల్వులను మూయడం గవర్నరు ధర్మం.

గవర్నరు విఫలమైతే రెండవ అంచె రంగంలోకి దిగుతుంది. పాత యంత్రాలలో ఇది పూర్తిగా యాంత్రికమైనది. షాఫ్టు చివర అడ్డంగా అమర్చిన ఒక చిన్న బోల్టు ఉంటుంది. దాని గరిమనాభి షాఫ్టు కేంద్రానికి కొద్దిగా పక్కన ఉంటుంది. మామూలు వేగంలో స్ప్రింగు దానిని లోపలే పట్టి ఉంచుతుంది. వేగం సాధారణంగా 110 శాతాన్ని దాటగానే అపకేంద్ర బలం స్ప్రింగును జయిస్తుంది. బోల్టు కొన్ని మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు వచ్చి ట్రిప్ లీవరును తాకుతుంది. ట్రిప్ ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. వాల్వులను తెరిచి ఉంచేది నూనె ఒత్తిడి, మూసేది బలమైన స్ప్రింగులు. కనుక ఒత్తిడి పోగానే స్టాప్ వాల్వులు, కంట్రోల్ వాల్వులు క్షణంలో సగం కూడా గడవకముందే మూతపడతాయి.

ఆధునిక యంత్రాలలో పళ్ల చక్రం ఎదుట మూడు స్పీడ్ ప్రోబులను అమర్చి, మూడింటిలో ఏ రెండు అతివేగాన్ని చూపినా ట్రిప్ అయ్యే పద్ధతి ప్రాచుర్యం పొందింది. ఒక ప్రోబు చెడిపోయినంత మాత్రాన యంత్రం అకారణంగా ఆగదు, రక్షణ కూడా తప్పిపోదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 670 ప్రమాణం ఇటువంటి వ్యవస్థలకు మార్గదర్శకం. అయితే ఒక హెచ్చరిక. ప్రోబులు మూడైనా అవి పంపే సంకేతం చివరకు చేరేది అదే నూనె గొట్టానికి, అదే వాల్వుకు. ఆ నూనెలో మడ్డి పేరుకున్నా, ఆ వాల్వు కడ్డీ బిగుసుకున్నా మూడు ప్రోబులూ ఏకగ్రీవంగా చెప్పిన మాట వృథా అవుతుంది.

వాల్వులు మూతపడినా పని పూర్తి కాదు. కేసింగులలో, ఎక్స్‌ట్రాక్షన్ పైపులలో, హీటర్లలో మిగిలిన ఆవిరి వెనుదిరిగి వచ్చి రోటరును తిప్పగలదు. అందుకే ఆ పైపులలో నాన్ రిటర్న్ వాల్వులు ఉంటాయి. అలాగే, జనరేటరు గ్రిడ్‌తో కలిసి ఉన్నంతసేపు గ్రిడ్ పగ్గంలా రోటరు వేగాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి సాధారణ ట్రిప్పులలో ముందు వాల్వులు మూతపడి, ఆవిరి ఆగినట్లు రివర్స్ పవర్ రిలే ధ్రువపరచిన తరువాతనే బ్రేకరును తెరవడం క్షేమకరం. వాల్వు మూసుకోక ముందే పగ్గం వదిలితే ఏమవుతుందో ఈ క్రింది ఉదంతం చెబుతుంది.

1991 నవంబరు 9: ఒక గుణపాఠం

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, డెలావేర్ నది ఒడ్డున సేలం అణువిద్యుత్ కేంద్రం ఉన్నది. ఇది మన తమిళనాడులోని సేలం కాదు. అక్కడి రెండవ యూనిట్ టర్బైన్ నిమిషానికి 1800 చుట్ల వేగానికి రూపొందినది. 1991 నవంబరు 9న యూనిట్ పూర్తి సామర్థ్యంతో నడుస్తుండగా టర్బైన్ రక్షణ సాధనాలనే పరీక్షిస్తున్నారు. పరీక్ష కోసం యాంత్రిక ట్రిప్‌ను ఒక లీవరుతో తాత్కాలికంగా నిరోధించి ఉంచారు. ఆ సమయంలో ట్రిప్ ఆయిల్ ఒత్తిడి ఒక్క క్షణం తగ్గింది. వాల్వులు మూతపడ్డాయి, రియాక్టరు ఆగింది. అంతలోనే నూనె ఒత్తిడి తిరిగి పెరగడంతో ఆవిరి వాల్వులు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ స్థితిలో వాటిని మూసి ఉంచవలసినవి మూడు సోలెనాయిడ్ వాల్వులు. మూడూ బిగుసుకుపోయి కదలలేదు. సుమారు అర నిమిషం తరువాత, ముందుగా నిర్ణయించిన క్రమం ప్రకారం, జనరేటరు బ్రేకరు తెరుచుకున్నది. పగ్గం తెగిన టర్బైన్ దాదాపు 2900 చుట్లకు చేరింది. బ్లేడ్లు విరిగి కేసింగును చీల్చుకొని వచ్చాయి. హైడ్రోజన్, నూనె మంటలు చెలరేగాయి. ఎవరికీ గాయాలు కాకపోవడం విశేషం.

విచారణలో బయటపడిన విషయం మరింత ఆలోచింపజేస్తుంది. అదే కేంద్రంలోని మొదటి యూనిట్‌లో ఇటువంటి సోలెనాయిడ్‌లు పనిచేయడం లేదని అంతకు ముందు ఏడాదే, 1990లో, గుర్తించారు. రెండవ యూనిట్‌లో కూడా మార్చాలనుకున్నారు. ఆ పని వాయిదా పడింది. ఒకదానికి తోడుగా మరొకటి ఉన్నదన్న భరోసాతో మూడింటినీ నమ్ముకున్నారు. మూడూ ఒకే జాతివి, ఒకే నూనెలో ఉన్నవి, ఒకే నిర్లక్ష్యానికి గురైనవి.

పరీక్షకూ పద్ధతి కావాలి

పరీక్ష సమయంలోనే ప్రమాదం జరిగిన ఉదంతం ఇదొక్కటే కాదు. 1969 సెప్టెంబరులో ఇంగ్లండులోని హింక్లీ పాయింట్ 'ఏ' కేంద్రంలో అతివేగ పరీక్ష జరుపుతుండగా సుమారు 3200 చుట్ల వద్దనే ఒక అల్పపీడన డిస్కు పగిలి యంత్రం ధ్వంసమైంది. డిస్కు లోపలి గాడిలో తుప్పు, ఒత్తిడి కలిసి కలిగించిన సన్నని బీటలు అందుకు కారణం. 2011 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని దువ్హా కేంద్రంలో 600 మెగావాట్ల నాలుగవ యూనిట్ కూడా అతివేగ పరీక్ష జరుగుతుండగానే తీవ్రంగా దెబ్బతిన్నది. పరీక్ష మానుకోవాలని ఈ ఉదంతాల అర్థం కాదు. పరీక్షను ఒక తంతుగా కాక, ఒక ప్రధాన కార్యంగా జరపాలన్నదే వాటి సారాంశం.

మొదట మెట్లవారీగా చిన్న పరీక్షలు జరగాలి. స్టాప్ వాల్వులను నడుస్తున్న యంత్రంపైనే కొద్దిగా కదిపి చూసే పాక్షిక స్ట్రోక్ పరీక్షను తయారీదారులు చెప్పిన గడువులో చేయాలి. బోల్టు కిందికి నూనెను పంపి మామూలు వేగంలోనే దానిని బయటికి నెట్టే పరీక్ష మరొకటి. ఎలక్ట్రానిక్ వ్యవస్థకు కృత్రిమ సంకేతమిచ్చి చూడవచ్చు. ఇవి ఆయా భాగాలను మాత్రమే పరీక్షిస్తాయి. మొత్తం గొలుసును పరీక్షించాలంటే యంత్రాన్ని నిజంగా ట్రిప్ వేగానికి తీసుకువెళ్లవలసిందే.

ఆ నిజమైన పరీక్షకు ముందు కొన్ని నియమాలు పాటించాలి. యంత్రాన్ని కొన్ని గంటలు లోడుపై నడిపి రోటరును లోపలివరకు వేడెక్కనివ్వాలి. చల్లని ఉక్కు పెళుసుగా ఉంటుంది, బీట త్వరగా పాకుతుంది. చేతి ట్రిప్‌తో వాల్వులు పూర్తిగా మూతపడుతున్నాయని, వేగం తగ్గుతున్నదని ముందే నిర్ధారించుకోవాలి. వేగాన్ని చూపే మీటర్లు ఒకదానికొకటి సంబంధం లేనివి రెండు ఉండాలి. చేతి ట్రిప్ వద్ద ఒకరు సిద్ధంగా ఉండాలి. ఏ వేగం వద్ద, ఎవరి ఆజ్ఞ లేకుండానే, ట్రిప్ చేయాలో ఆ వ్యక్తికి ముందే తెలిసి ఉండాలి. పనిలేనివారిని హాలు నుండి పంపివేయాలి.

నా సంతకం

ఈ సందర్భంలో ఒక స్వానుభవం చెప్పడం అప్రస్తుతం కాదనుకుంటాను. చాలా ఏళ్ల క్రితం ఒక కర్మాగారపు సొంత విద్యుత్ కేంద్రంలో నేను షిఫ్ట్ ఇంజనీరును. చిన్న మరమ్మతు తరువాత టర్బైన్‌ను తిరిగి లైనులోకి తెస్తున్నాం. ఉత్పత్తి విభాగం నుండి ఆవిరి కోసం ఫోను మీద ఫోను వస్తున్నది. చేతి ట్రిప్ పరీక్షలో స్టాప్ వాల్వు దిగుతూ దిగుతూ వేలెడు సందు మిగిల్చి ఆగిపోయింది. టర్బైన్ వేగం తగ్గింది గాని, సున్నాకు రాక సుమారు 900 చుట్ల వద్ద నిలిచింది. "కంట్రోల్ వాల్వులు ఉన్నాయి కదా, రేపు చూద్దాం" అన్నారు కొందరు. నేనూ దాదాపు ఒప్పుకున్నాను.

పదవీ విరమణకు దగ్గరపడిన మా ఫోర్‌మన్ గారు మాత్రం కదలలేదు. "సార్, రేపు ఇది ట్రిప్ అయ్యే వేళకు మీరుంటారో, నేనుంటానో తెలియదు. ఎవరో ఒక పిల్లవాడు ఉంటాడు. వాడికి ఈ సంగతి తెలియదు కదండీ" అన్నారు.

యంత్రాన్ని ఆపి వాల్వు విప్పాం. కడ్డీకి, బుష్‌కు మధ్య గోధుమరంగు పొర రాయిలా గట్టిపడి ఉన్నది. శుభ్రపరచి తిరిగి అమర్చడానికి ఒక రోజు పట్టింది. ఆ తరువాత రిజిస్టరు తిరగేశాను. అంతకు ముందు రెండు నెలలూ పాక్షిక స్ట్రోక్ పరీక్ష గడిలో ప్రతి వారం "సరే" అని రాసి ఉన్నది. విచారిస్తే, ఆవిరి అవసరం ఎక్కువగా ఉండటంవల్ల ఆ వారాల్లో పరీక్ష జరగనే లేదని తేలింది. రాసినవారిని మందలించబోయి ఆగిపోయాను. కొన్ని గడుల కింద పరిశీలించినట్లు ఉన్న సంతకం నాదే.

ఆనాటి నుండి నేను ఒక నియమం పెట్టుకున్నాను. పరీక్ష జరగకపోతే "జరగలేదు" అని, కారణంతో సహా రాయించడం. జరిగితే "సరే" అన్న మాటకు బదులు అంకెలు రాయించడం. ట్రిప్ అయిన వేగమెంత, వాల్వు మూతపడటానికి పట్టిన సమయమెంత, గత పరీక్షకు దీనికి తేడా ఎంత. పోయినేడు 3310 చుట్ల వద్ద పనిచేసిన బోల్టు ఈ ఏడు 3350 వద్ద పనిచేసిందంటే అది మనకు ముందుగా అందిన కబురు. "సరే" అన్న మాటలో ఆ కబురు వినిపించదు.

ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం ఎలాంటిదో మన పెద్దలు ఏనాడో చెప్పారు. టర్బైన్ విషయంలో బావి తవ్వే ఉంది. అందులో నీరున్నదా లేదా అని వారం వారం చేద వేసి చూడటమే మనకు మిగిలిన పని. ఇది ఖర్చుతో కూడినది కాదు, గొప్ప పరిజ్ఞానం కోరేదీ కాదు. ఉత్పత్తి తొందరలో కూడా ఐదు నిమిషాలు కేటాయించే పట్టుదల, చేయనిదానిని చేయలేదని రాసే నిజాయితీ ఉంటే చాలు. రేపటి షిఫ్టులో మీరు సంతకం చేయబోయే రిజిస్టరును ఒక్కసారి ఈ దృష్టితో చూడవలసిందిగా సహోద్యోగులందరికీ నా మనవి. ఆ గడిలోని అంకెను నమ్ముకొని హాలులో నిలబడేది మన తరువాతి షిఫ్టువారే.