సెలవుల ప్రయాణం – మన క్షేమంలో మన బాధ్యత ఎంత?



సెలవులు ఇస్తున్నారంటే హాస్టల్లో ఎంత సందడిగా ఉంటుందో మాకు తెలుసు. ముందురోజు రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. తెల్లవారకుండానే ట్రంకు పెట్టెలు సర్దుకుని, వార్డెన్ గారి దగ్గర రిజిస్టరులో సంతకం చేసి, బస్టాండుకు పరుగులు తీస్తాము. ఒకరిది రాజోలు వైపు, ఒకరిది కొత్తపేట వైపు, ఒకరిది ఏటి అవతలి లంక. వెళ్ళేటప్పుడు ఎంతమందిమి వెళ్ళామో, సెలవులు అయ్యాక అంతమందిమీ తిరిగి రావాలి. ఈ వ్యాసం రాయడంలో మా ఉద్దేశం అదొక్కటే.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకుంటాము. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా సంక్రాంతి సెలవుల్లో అయిదుగురం స్నేహితులం కలిసి ఏటి ఒడ్డున ఇసుక తిన్నెల మీదికి వెళ్ళాము. అందరమూ ఎండు కొబ్బరికాయలు నడుముకు కట్టుకుని పంట కాలువలో ఈత నేర్చినవాళ్ళమే. మోకాలి లోతు నీళ్ళలో ఆడుకుంటుండగా మాలో ఒకడు ఉన్నట్టుండి కనిపించలేదు. అక్కడ ఇసుక తవ్విన గొయ్యి ఉంది. వాడు అరవలేదు, చెయ్యి కూడా ఊపలేదు. మేమంతా ఆట అనుకున్నాము. ఒడ్డున బట్టలు ఉతుక్కుంటున్న ఒక అమ్మ చూసి, తడి చీర చెంగు విసిరి వాడిని లాగింది. మమ్మల్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, తన సంచిలో ఉన్న అరటిపళ్ళు ఇచ్చి పంపింది. ఆ సంగతి ఇంట్లోనూ చెప్పలేదు, హాస్టల్లోనూ చెప్పలేదు. చెబితే మళ్ళీ ఎక్కడికీ పంపరని భయం.

మరుసటి సంవత్సరం 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమిలో పడవ ప్రమాదం జరిగింది. బడి నుంచి ఇళ్ళకు వెళుతున్న పిల్లలు ఉన్న పడవ, కడుతున్న వంతెన స్తంభాన్ని ఢీకొని తిరగబడింది. ఏడుగురు గల్లంతయ్యారు. వారిలో ఎక్కువమంది బడి పిల్లలే. ఆ వార్త విన్న రాత్రి మా అయిదుగురికీ అన్నం సహించలేదు.

ఆ పిల్లలు విహారానికి వెళ్ళలేదు. చదువుకోవడానికి ఏరు దాటారు. వంతెన పూర్తి కాకపోవడం వాళ్ళ తప్పు కాదు. కాబట్టి బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు, పోయినవారిని నిందించే మాట మన నోట రాకూడదు. 2014 జూన్ 8న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు విహారయాత్రకు వెళ్ళి, హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగినప్పుడు, పైనున్న లార్జి డ్యాం నుంచి వదిలిన నీళ్ళు వచ్చి 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ కేసులో 2016లో అక్కడి హైకోర్టు విద్యుత్ బోర్డు, కళాశాల, ప్రభుత్వం మూడింటి మీదా బాధ్యత పెట్టి నష్టపరిహారం ఇమ్మని తీర్పు చెప్పింది. అంటే పెద్దల బాధ్యత పెద్దలకు ఉంది. అయితే తీర్పు రావడానికి ఏడాదిన్నర పట్టింది. నీరు రావడానికి కొన్ని నిమిషాలే పట్టింది. ఆ కొన్ని నిమిషాల్లో మనకు తోడుండేది మన జాగ్రత్త మాత్రమే.

మన ప్రాంతపు నీటి సంగతి కొంచెం తెలుసుకుందాము. గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య ఉన్నదే మన కోనసీమ. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. 2022 జులై వరదలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. రేడియోలో, టీవీలో, ఫోనులో ఈ అంకెలు వచ్చినప్పుడు మనకు కాదులే అనుకోకూడదు. హెచ్చరిక లేనంత మాత్రాన భయం లేదనీ కాదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండల విహారానికి వెళ్ళిన బోటు మునిగిన రోజున గోదావరిలో ఉన్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులు. బోటులో 77 మంది ఉంటే 26 మందే బతికారు. వారిని కాపాడింది నాటు పడవల మీద వెళ్ళిన తూటుగుంట గ్రామస్తులు. అంతకు ముందు ఏడాది, 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు గాలివానకు తలుపులు, కిటికీలు మూసి ఉండడం వల్ల లోపలివారు బయటకు రాలేకపోయారు.

వేసవిలో ఏరు ఎండి అమాయకంగా కనిపిస్తుంది. అప్పుడే ఎక్కువ మోసం. ఇసుక తవ్విన గోతులు నీటి కింద కనపడవు. 2025 మే 26న శేరిలంకలో బంధువుల ఇంటి శుభకార్యానికి వచ్చిన యువకులు, ముమ్మిడివరం మండలం కమినిలంక దగ్గర గౌతమిలో స్నానానికి దిగారు. ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. సెలవులు, చుట్టాలు, ఎండ, స్నేహితులు. మనం దిగిన రోజున కూడా ఉన్నవి అవే. చీర విసరడానికి ఒక అమ్మ ఉండడం ఒక్కటే తేడా.

ఇక సముద్రం. అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానం తీరాలకు మనం సరదాగా వెళుతుంటాము. సముద్రం సుమారు ఆరు గంటలు పోటు మీద, ఆరు గంటలు పాటు మీద ఉంటుందని వేటకు వెళ్ళేవారు చెబుతారు. పాటు సమయంలో, ముఖ్యంగా ఏరు సముద్రంలో కలిసే చోట, నీరు మనిషిని లోపలికి లాగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు, పాటు రెండూ ఎక్కువ. అంతర్వేదిలో మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలకు జనం వచ్చేది సరిగ్గా ఆ రోజునే అని గుర్తుంచుకోవాలి.

మా అనుభవంతో, పెద్దలను అడిగి తెలుసుకున్న దానితో కొన్ని సూచనలు చేస్తున్నాము.

1. ఎక్కడికి, ఎవరితో, ఎప్పటికి వస్తామో ఇంట్లో నిజం చెప్పి వెళ్ళాలి. హాస్టల్ రిజిస్టరులో రాసే ఊరు, మనం వెళ్ళే ఊరు ఒకటే కావాలి. మనం ఎక్కడున్నామో తెలియకపోతే ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు.

2. తెలియని నీటిలో దిగేముందు ఆ ఊరివారిని అడగాలి. రేవులో బట్టలు ఉతికే అమ్మకు, పడవ నడిపే తాతకు తెలిసినంత మన పుస్తకాలకు తెలియదు.

3. కాలువ ఈత వేరు, ఏటి ఈత వేరు. కాలువలో రెండు బారలు వేస్తే గట్టు అందుతుంది. ఏటిలో గట్టు అందదు.

4. పడవగాని, పంటుగాని ఎక్కితే లైఫ్ జాకెట్ అడగాలి. దిగేవరకు తీయకూడదు. జనం ఎక్కువైతే తరువాతి పడవ కోసం ఆగాలి. అందరూ ఒకే వైపుకు వచ్చి ఫోటోలు దిగకూడదు.

5. ఎవరైనా మునుగుతుంటే వెంటనే వెనకాల దూకకూడదు. ఒకరిని పట్టుకోబోయి ఇంకొకరు పోవడం తరచు జరుగుతుంది. తాడు, చీర, లుంగీ, గెడకర్ర, ఖాళీ ప్లాస్టిక్ బిందె, ఏది ఉంటే అది విసిరి కేకలు వేయాలి. మునిగే మనిషి అరవలేడు. కాబట్టి ఒడ్డున ఉన్నవారే గమనించి అరవాలి.

6. సముద్రం లోపలికి లాగుతుంటే ఎదురీదకూడదు. అలసిపోతాము. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక గట్టు వైపు రావాలి.

7. నీరు ఒక్కటే కాదు, 216 జాతీయ రహదారి కూడా మన ప్రయాణంలో భాగమే. ఆటో వెనక వేలాడడం, ఒక బండి మీద ముగ్గురు ఎక్కడం, బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడడం మానుకోవాలి.

8. 112 పోలీసు, 108 అంబులెన్సు, 1098 పిల్లల సహాయం, 139 రైల్వే. ఈ నాలుగు నంబర్లూ ఫోనులోనే కాక నోటికి వచ్చి ఉండాలి. ఫోను తడిస్తే పనిచేయదు.

వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. "నేను దిగను" అని స్నేహితుల మధ్య చెప్పడం. ఆ రోజు మాలో ఒకడు ఆ మాట అన్నాడు. పిరికివాడని నవ్వాము. ఒడ్డున నిలబడి ముందుగా ఆ అమ్మను కేక వేసి పిలిచింది వాడే. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు మా అయిదుగురిలో ధైర్యం ఉన్నవాడు వాడొక్కడే అనిపిస్తుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. మీలో చాలామంది ఇళ్ళలో కూడా అంతే. కూలి డబ్బుల్లోంచి బస్సు ఛార్జీ తీసి ఇచ్చి, కనపడేంత దూరం చూస్తూ నిలబడే అమ్మానాన్నలకు మన ప్రాణం కంటే పెద్ద ఆస్తి లేదు. సరదా వద్దని మేము అనడం లేదు. పాపికొండలు చూడండి, దిండి చూడండి, అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర అలలు చూడండి. తిరిగి వచ్చి హాస్టల్ వరండాలో కూర్చుని ఆ కబుర్లు చెప్పండి. వినడానికి మిగతావాళ్ళు ఎదురుచూస్తుంటారు.

క్షేమంగా వెళ్ళి లాభంగా రండి.