చిల్లుల మూత వెనక ఎర్ర చుట్ట

పిడికిట్లో పట్టేంత లోహపు డబ్బా. ముందు చిల్లుల మూత. లోపల చుట్టలు తిరిగిన లావాటి తీగ. వెనక రెండు బలమైన బోల్టులు. నంబరు లేదు, కంపెనీ పేరూ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో, తుక్కు గుట్టలో దొరికింది. గూగుల్ లెన్స్‌ని అడిగితే ఓసారి షవర్ హెడ్ అంది, ఇంకోసారి ఉప్పు డబ్బా అంది!

కొట్టు అన్న మాత్రం తేల్చేశాడు. "సాయంత్రం లోడు పోతుంది తమ్ముడూ. కావాలంటే ఇప్పుడే తీసుకో." లోడంటే నేరుగా కరిగించడానికే. 150 రూపాయలిచ్చి తీసుకున్నాం.

మేం వెతికేది నా ఫ్రెండ్ వాళ్ల తాతగారి లారీ కోసం. 1960ల నాటి బెంజ్ లారీ అది. అప్పటి టెల్కో, ఇప్పటి టాటా మోటార్స్, జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో 1954లో ఒప్పందం కుదుర్చుకుని జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన రకం. 1969లో ఒప్పందం ముగిసేదాకా ఆ లారీల ముందు మూడు కోణాల నక్షత్రమే ఉండేది. అందుకే మన దగ్గర పాత డ్రైవర్లు ఇప్పటికీ 'బెంజి లారీ' అంటారు. మా లారీకి నక్షత్రం ఉంది గానీ, పొద్దున్నే స్టార్ట్ అవ్వదు. డ్యాష్‌బోర్డులో ఒక ఖాళీ చిల్లు కూడా ఉంది.

మల్టీమీటర్ పెట్టి చూశాను. రెసిస్టెన్స్ దాదాపు సున్నా. బోల్టుల లావు చూస్తే కరెంటు బాగా ఎక్కువే పారాలి. మూతకి చిల్లులున్నాయంటే వేడో, వెలుగో బయటికి రావాలి. సిగరెట్ లైటరా? లాగే పిడి లేదే! "బ్యాటరీకి పెట్టి చూద్దాంరా" అన్నాడు మా వాడు. పక్క షెడ్డులోంచి డెబ్బై దాటిన మేస్త్రి ఒకాయన కేకేశారు.

"ఆగు బాబూ, డైరెక్టుగా ఇస్తే కాలిపోద్ది! అది హీటర్ ప్లగ్గులది. అది ఎర్రబడ్డాకే సెల్ఫ్ కొట్టేవాళ్లం."

ఆ ఒక్క మాటతో చిక్కుముడి వీడిపోయింది. ఆ కాలపు బెంజ్ ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ ముందు ఒక చిన్న గదిలో మండి, తర్వాత సిలిండర్లోకి దూసుకెళ్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ గది గోడలే వేడిని పీల్చేస్తాయి. అందుకని ముందు హీటర్ ప్లగ్గులతో వేడెక్కించాలి. ఆ ప్లగ్గులన్నీ పండగ సీరియల్ సెట్టులా ఒకే వరసలో ఉంటాయి. అదే వరసలో డ్యాష్‌బోర్డు మీద ఈ చుట్ట. ప్లగ్గుల్లో పారే కరెంటే దీంట్లోనూ పారుతుంది. చుట్ట ఎర్రబడిందంటే ప్లగ్గులూ వేడెక్కినట్టే.

"మరి ఎర్రబడకపోతే, తాతగారూ?"

"ఒక ప్లగ్గు పోయినట్టు. లేదా ఎక్కడో వైరు ఊడినట్టు. మరీ తెల్లగా మండితే ఎక్కడో షార్ట్."

పోయిన ప్లగ్గు ఏదో కనుక్కోవడమూ ఆయనే చెప్పారు. ఒక్కో ప్లగ్గు రెండు కొసల్నీ లావు వైరుతో కలుపుతూ పోవాలి. దేన్ని కలిపినప్పుడు చుట్ట ఎర్రబడుతుందో, అదే చెడ్డది. మేం ఆఫీసులో గంటలకొద్దీ లాగ్స్ చదివి చేసే డీబగ్గింగ్‌ని ఈ లారీలు ఒక తీగ ముక్కతో చేసేశాయి.

మా లారీలో ఎవరో ఈ డబ్బా తీసేసి, రెండు వైర్లూ కలిపేశారు. డబ్బా ఖాళీ చిల్లులో సరిగ్గా కూర్చుంది. స్విచ్ తిప్పితే ఏమీ లేదు, చీకటి. మేస్త్రి చెప్పినట్టే వరసగా చూస్తే నాలుగో ప్లగ్గు దగ్గర చుట్ట మెల్లగా ఎర్రబడింది. ఇప్పుడు కావాల్సింది ఒక్క ప్లగ్గు.

మీకూ ఇలాంటి ముక్క దొరికితే ముందే రుద్ది కడిగేయకండి, అక్షరాలుంటే చెరిగిపోతాయి. పక్కన స్కేలు పెట్టి అన్ని వైపులా ఫొటోలు తీయండి. ఏంటో తెలిసేదాకా బ్యాటరీకి కలపకండి. యాప్ చేతులెత్తేస్తే, ఆ బండ్ల మీద పనిచేసిన పెద్దాయన్ని వెతకండి. ఆయన చెప్పేది ఫోన్లో రికార్డు చేసుకోండి. తుక్కు లోడు రోజూ పోతూనే ఉంటుంది.