పాన్‌కు ప్లగ్గు లేదు... ఆయిలు మార్చే నాథుడూ లేడు!

కలికిరి: టమోటా కాపు ఊపందుకున్న రోజుల్లో కలికిరి మార్కెట్టు నుంచి బయలుదేరే లారీకి నిలబడే తీరిక ఉండదు. సరుకు ఎక్కిందా, తాడు బిగించారా, బండి కదిలిందా... అంతే. పీలేరు దాటి భాకరాపేట ఘాటులో గేరుబాక్సు మొరాయించిందంటే కాయంతా ఎండకు మెత్తబడిపోతుంది. నష్టం లారీ ఓనరు ఒక్కడిదే కాదు, రైతుదీ, వ్యాపారిదీ.

చేత్తో గేరు మార్చే లారీలకు, ట్రాక్టర్లకు ఓ సౌకర్యం ఉంది. గేరుబాక్సు అడుగున డ్రైను ప్లగ్గు ఉంటుంది. కింద డబ్బా పెట్టి పానాతో ప్లగ్గు విప్పితే పాత ఆయిలంతా దిగిపోతుంది. ప్లగ్గు కొసన అయస్కాంతం ఉంటే దానికి పట్టిన ఇనుప రజను చూసి లోపలి సంగతి చెప్పవచ్చు. మెత్తటి బూడిదరంగు ముద్ద అయితే మామూలు అరుగుదలే. పలుకులు, ముక్కలు కనిపించాయో, గేరుబాక్సు విప్పి చూడాల్సిందే.

చిక్కంతా ఆటోమేటిక్ బండ్లతోనే. ఈ రకం గేరుబాక్సు అమెరికాలో పాతదే. జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ 1939లోనే వచ్చింది. ఆ తర్వాత పికప్ ట్రక్కులకూ పాకింది. మన దగ్గర ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ తయారుచేసే పికప్పుల్లోనూ ఆటోమేటిక్ రకం ఉంది. 2022లో జిల్లాలు విడిపోకముందు శ్రీసిటీ, కలికిరి రెండూ చిత్తూరు జిల్లాలోవే.

ఆటోమేటిక్ బండికి క్లచ్ పెడలు ఉండదు. ఇంజను బలాన్ని గేరుబాక్సుకు అందించేది టార్క్ కన్వర్టరులో తిరిగే ఆయిలు. చెరువులో పూడిక తీసే జేసీబీలోనూ ఈ టార్క్ కన్వర్టరే ఉంటుంది. లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేదీ, వేడిని మోసుకుపోయేదీ ఆ ఆయిలే. కొత్తది సాధారణంగా ఎర్రగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి మాడు వాసన కొట్టిందంటే దాని పని అయిపోయినట్టే.

ఇంత పని చేసే ఆయిలును దించడానికి చాలా బండ్ల పాన్‌కు ప్లగ్గు ఉండదు! గేరుబాక్సు అడుగున పళ్లెంలా బిగించిన రేకును పాన్ అంటారు. చుట్టూ పది పదిహేను బోల్టులు, కొన్నింటికి ఇంకా ఎక్కువ. అవన్నీ వదులు చేస్తే పాన్ ఒక పక్కకు వాలి, వేడి ఆయిలు చేతుల మీద, మొహం మీద కుమ్మరిస్తుంది. ఈ అవస్థ పడలేక ‘వచ్చే నెల చూద్దాం’ అంటూ వాయిదా వేస్తారు. ఆ నెల రాదు. చివరికి గేరుబాక్సే విప్పాల్సి వస్తుంది.

దీనికి విరుగుడు పాన్‌కు ప్లగ్గు పెట్టించుకోవడం. ఫిల్టరు మార్చడానికి ఎలాగూ ఒకసారి పాన్ దించాలి గనుక అప్పుడే ఆ పనీ కానిస్తే సరి. మంచి లేతు, వెల్డింగు షాపు ఉన్న ఊళ్లో ఇది బ్రహ్మవిద్యేమీ కాదు. కానీ రంధ్రం ఎక్కడ వేయాలన్నదే అసలు కిటుకు. పాన్‌లో లోతైన చోట వేయాలి. సరిగ్గా పైన ఫిల్టరు తగలకూడదు. అనుమానం ఉంటే చపాతీ పిండి ముద్దను లోపల ఆ చోట పెట్టి, పాన్‌ను ఒకసారి బిగించి విప్పి చూడాలి. ముద్ద ఎంత నలిగిందో చూస్తే ఎంత ఖాళీ ఉందో తెలిసిపోతుంది. పిండి రవ్వంత కూడా మిగలకుండా కడిగేయాలి సుమా!

రంధ్రం వేశాక ప్లగ్గు బిగించేందుకు రెండు దారులున్నాయి. మధ్యలో మర ఉన్న గుల్ల బోల్టును రంధ్రంలో దూర్చి లోపల నట్టు బిగించడం ఒకటి. దీనికి వెల్డింగు అక్కర్లేదు గానీ, నట్టు ఎత్తున్నంత మేర పాత ఆయిలు అడుగున మిగిలిపోతుంది. బయటి నుంచి మర ఉన్న ఇనుప గుబ్బను వెల్డు చేయించడం రెండోది. ఆయిలు పూర్తిగా దిగుతుంది. కానీ గుబ్బ కిందికి వేలాడితే పొలం దారిలో రాయి తగిలి ఊడిపోవచ్చు. ఆయిలు మొత్తం రోడ్డుపాలు! గతుకుల దారుల్లో తిరిగే బండికి పాన్ వెనక గోడకు కింది అంచున, ప్లగ్గు వెనక్కి చూసేలా పెట్టించుకోవడమే మేలు. కాస్త ఆయిలు మిగిలినా ఫరవాలేదు.

వెల్డింగు ఇనుప పాన్‌కే. అల్యూమినియం పాన్‌ను మామూలు వెల్డింగు షాపులో ఇవ్వకూడదు. రేకు పల్చన గనుక వేడికి వంకర పోతుంది. తర్వాత అంచును గాజుపలక మీద పెట్టి, ఎక్కడైనా లేస్తోందేమో చూడాలి. పాన్ చల్లారాక కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచితే కారుడు ఉందో లేదో తెల్లారేసరికి తేలుతుంది. డ్రిల్లు రజను ఒక్క పలుకైనా లోపల మిగలకూడదు. తుడిచే గుడ్డ పీచు కూడా ప్రమాదమే.

బిగించేటప్పుడు పాన్ బోల్టుల మీద బలం చూపకూడదు. మర పోతే అల్యూమినియం గేరుబాక్సుకే ఎసరు.

ప్లగ్గు విప్పితే ఆయిలంతా రాదు. టార్క్ కన్వర్టరులో చాలా భాగం మిగిలే ఉంటుంది. అందుకే దిగినదాన్ని కొలిచి, అంతే కొత్తది పోయాలి. అదీ బండి పుస్తకంలో చెప్పిన రకమే. లారీకి పోసే 90 నంబరు గేరు ఆయిలు పోశారా, అంతే సంగతులు. చాలా బండ్లకు లెవెలు చూసేది ఇంజను నడుస్తూ, ఆయిలు వేడెక్కాకే. గ్యారంటీ ఉన్న బండికి మాత్రం కంపెనీని అడగకుండా రంధ్రం వేస్తే తర్వాత పేచీ రావచ్చు.

దించిన ఆయిలును కాలువలోనో బావి గట్టునో పారబోయడం మామూలైపోయింది. వాడిన ఆయిలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. మూత ఉన్న డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న కొనుగోలుదారుకు చేర్చే గ్యారేజీకి ఇచ్చేయాలి. ప్లగ్గు ఉంటే డబ్బాలో పట్టడమూ తేలికే.