పౌచ్ శస్త్రచికిత్స తర్వాత ఫిస్టులా: దారంతో ఆగాలా, ముందుకెళ్లాలా?

సూరత్‌లో దారమే వేలాది కుటుంబాలకు బతుకుతెరువు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడి, తరాలుగా మరమగ్గాలపై పనిచేస్తున్నాయి. 12 గంటల షిఫ్టు, ఎక్కువసేపు నిలబడే పని. అలాంటి కార్మికుడొకరికి పెద్దపేగు తీసేసిన కొన్నాళ్లకు మలద్వారం పక్కన చీము కారే రంధ్రం పడిందనుకుందాం. అప్పుడు సర్జన్ తరచూ ముందుగా వేసేది కూడా ఒక దారమే. దాన్ని అలాగే ఉంచాలా, తీసేసి మరో శస్త్రచికిత్సకు వెళ్లాలా అన్నది అంత తేలిగ్గా తేలదు.

అల్సరేటివ్ కొలైటిస్ మందులకు లొంగనప్పుడు పెద్దపేగును, పురీషనాళాన్ని తొలగించాల్సి వస్తుంది. ఆపై చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి, సంచిలా కుట్టి, మలద్వారానికి కలుపుతారు. ఇదే పౌచ్. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి సర్జన్లు అలన్ పార్క్స్, జాన్ నికోల్స్ 1978లో ఈ పద్ధతిని ప్రచురించారు. దీనివల్ల పొట్టమీద శాశ్వతంగా మలసంచి పెట్టుకునే అవసరం తప్పుతుంది. కానీ విరేచనం పలచగా, రోజుకు ఐదారుసార్లు అవుతుంది. దాన్ని ఆపి ఉంచే భారమంతా మలద్వారం చుట్టూ ఉన్న కండర వలయం మీదే పడుతుంది.

ఫిస్టులా అంటే లోపలి నుంచి చర్మం దాకా ఏర్పడే సన్నని సొరంగం. మామూలు మనుషుల్లో వచ్చే ఫిస్టులా పైపైన ఉంటే, దాన్ని చీల్చి తెరిచి మాన్పుతారు. ఆ క్రమంలో కొంత కండరం తెగినా చాలామంది తట్టుకుంటారు. పౌచ్ ఉన్నవారిలో పలచని మలం కారణంగా ఆ కాస్త నష్టమే పెద్ద ఇబ్బందిగా మారవచ్చు. అందుకే ఇక్కడ రంధ్రం మూసుకుందా అన్న ప్రశ్నతో పాటు అదుపు మిగిలిందా అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

చికిత్స ఎంచుకునే ముందు కారణం తేలాలి. పౌచ్ కలిపిన కొన్ని నెలల్లోనే ఫిస్టులా వస్తే అతుకు దగ్గర లీకై చీము పట్టిందేమో చూస్తారు. ఏళ్ల తర్వాత వస్తే క్రోన్స్ వ్యాధిని అనుమానిస్తారు. ఎంఆర్ఐ సొరంగం ఎటు వెళ్లిందో, చీము ఎక్కడ దాగిందో చూపిస్తుంది. ఎండోస్కోపీ పౌచ్ లోపలి పరిస్థితిని చెబుతుంది.

మొదటి మెట్టు చీము తీయడం. తర్వాత సొరంగంలోంచి వదులుగా ఒక దారం వేసి ముడివేస్తారు. దీన్ని సెటాన్ అంటారు. ఇది ఫిస్టులాను మాన్పదు, చీము లోపల నిలవకుండా బయటికి దారి చూపుతుంది. కండరాన్ని కోయదు. నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి ఉంచవచ్చు. కాస్త తడి, అసౌకర్యం ఉన్నా చాలామంది పనికి వెళ్లగలుగుతారు.

మన దేశంలో వెంటనే గుర్తొచ్చే మరో దారం ఆయుర్వేద క్షారసూత్రం. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూతలు వేసిన ఈ దారాన్ని సాధారణంగా వారం వారం మారుస్తారు. భారత వైద్య పరిశోధన మండలి సుమారు 500 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. క్షారసూత్రం వేసినవారిలో 4 శాతం మందికి, శస్త్రచికిత్స చేసినవారిలో 11 శాతం మందికి ఫిస్టులా తిరగబెట్టింది. మానడానికి మాత్రం శస్త్రచికిత్సకు 4 వారాలు పడితే, దీనికి 8 వారాలు పట్టింది. అయితే ఇవి మామూలు ఫిస్టులా లెక్కలు. క్షారసూత్రం కణజాలాన్ని నెమ్మదిగా కోస్తూ పోతుంది. కాబట్టి ఈ అంకెలను పౌచ్ ఉన్నవారికి అలాగే వర్తింపజేయలేం.

సొరంగాన్ని మూసే మార్గాలూ ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పేగు పొరను జరిపి లోపలి రంధ్రంపై కప్పి కుట్టడం ఒకటి. కండర పొరల మధ్య సొరంగాన్ని ముడివేసి తెంచే 'లిఫ్ట్' పద్ధతి ఇంకొకటి. దీన్ని థాయిలాండ్ సర్జన్లు 2007లో వెలుగులోకి తెచ్చారు. ఇవి కండరాన్ని కాపాడతాయి గానీ విఫలమయ్యే అవకాశం తక్కువేమీ కాదు. క్రోన్స్ వ్యాధి అని తేలితే సెటాన్‌తో పాటు ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు ఇస్తారు. దానికి ముందు చీము పూర్తిగా తీయాలి, శరీరంలో దాగిన క్షయ ఉందేమో పరీక్షించాలి. ఈ మందులు దాన్ని రేపగలవు.

ఇవేవీ ఫలించకపోతే మలాన్ని కొంతకాలం పొట్టమీద సంచిలోకి మళ్లించడం, పౌచ్‌ను మళ్లీ నిర్మించడం, చివరికి తొలగించడం మిగులుతాయి. విఫలమైన ప్రతి మరమ్మతు మచ్చకణజాలాన్ని మిగిల్చి తర్వాతి ప్రయత్నాన్ని కష్టం చేస్తుంది. అందుకే పౌచ్ శస్త్రచికిత్సల్లో అనుభవమున్న బృందం సలహా తీసుకోవడం మేలు.

మరమగ్గం దగ్గర నిలబడే ఆ కార్మికుడి విషయంలో కూలి పోయే రోజులు, పనిచోట మరుగుదొడ్డి, ఆసుపత్రికి తిరగాల్సిన సార్లు కూడా లెక్కలోకి వస్తాయి. నొప్పి, చీము, జ్వరం లేకుండా దారంతో రోజులు గడుస్తుంటే, దాన్నే కొనసాగించడం చికిత్సను వదులుకోవడం కాదు. అదీ ఆలోచించి తీసుకున్న నిర్ణయమే. నొప్పి, వాపు, జ్వరం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకూడదు.