మొదటి బైనాక్యులర్: డబ్బు దేనికి పెట్టాలి?



ఆకాశం మీద ఆసక్తి కలగగానే చాలామంది టెలిస్కోపు కొనాలనుకుంటారు. పక్షుల మీద ఆసక్తి కలిగినవారు కెమెరా కొనాలనుకుంటారు. ఈ రెండు పనులకూ మొదట అక్కరకు వచ్చే పరికరం బైనాక్యులర్. ఇందులో రెండు కళ్లతోనూ చూడవచ్చు. ప్రతిబింబం తలకిందులు కాకుండా నిటారుగా కనిపిస్తుంది. మెడలో వేసుకుని ఎక్కడికైనా వెళ్లవచ్చు.

అయితే ఇంట్లోవాళ్లను ఒప్పించి, బహుశా ఒక్కసారే కొనగలిగే వస్తువు ఇది. ఎంపిక తప్పితే పోయేది డబ్బు మాత్రమే కాదు. మసక ప్రతిబింబాలు చూసి, తలనొప్పి తెచ్చుకున్న విద్యార్థి నాలుగు రోజుల్లో దాన్ని అటకెక్కిస్తాడు. దాంతోపాటు ఆసక్తి కూడా అటకెక్కుతుంది. కాబట్టి పరిమితమైన డబ్బుతో మంచి బైనాక్యులర్‌ను ఎలా ఎంచుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రెండు సంఖ్యల అర్థం

ప్రతి బైనాక్యులర్ మీదా 8×42, 10×50 వంటి గుర్తు ఉంటుంది. మొదటి సంఖ్య ఆవర్ధనం, అంటే వస్తువు ఎన్ని రెట్లు దగ్గరగా ఉన్నట్లు కనిపిస్తుందో చెప్పేది. రెండోది ముందువైపు ఉండే వస్తుకటకం వ్యాసం, మిల్లీమీటర్లలో.

దుకాణంలో అడిగితే మొదటి సంఖ్య ఎంత పెద్దదైతే అంత గొప్ప అని చెబుతారు. ఇది సరికాదు. ఆవర్ధనం పెరిగితే వస్తువుతోపాటు మన చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదవుతుంది. 8 లేదా 10 రెట్ల వరకు చేత్తో నిలకడగా పట్టుకోగలం. 20 రెట్లకు స్టాండు లేనిదే పని జరగదు. పైగా ఆవర్ధనం పెరిగినకొద్దీ సాధారణంగా దృష్టి క్షేత్రం ఇరుకవుతుంది. దృష్టి క్షేత్రం 6.5 డిగ్రీలు ఉంటే, 1000 మీటర్ల దూరంలో 114 మీటర్ల వెడల్పు ఒకేసారి కనిపిస్తుంది. అది 3 డిగ్రీలకు తగ్గితే 52 మీటర్లే కనిపిస్తుంది. ఎగిరే పక్షిని అంత ఇరుకు కిటికీలోంచి పట్టుకోవడం కష్టం.

కంటిలోకి చేరే కాంతి

ఇప్పుడు రెండో సంఖ్యను మొదటి సంఖ్యతో భాగించండి. 10×50కి 5 మిల్లీమీటర్లు, 8×42కి 5.25, 7×50కి 7.1, 20×50కి 2.5 వస్తుంది. అక్షికటకం నుంచి బయటికి వచ్చే కాంతిపుంజం వ్యాసం ఇదే. దీన్ని మన కనుపాపతో పోల్చి చూడాలి. పగటి వెలుగులో కనుపాప 2 నుంచి 3 మిల్లీమీటర్లు మాత్రమే తెరుచుకుని ఉంటుంది. చీకటిలో యువతీయువకులకు అది సుమారు 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ పరిమితి తగ్గుతుంది.

దీన్నిబట్టి మన అవసరం తేల్చుకోవచ్చు. పట్టపగలు పక్షులను చూడడానికే అయితే 8×30 లేదా 8×32 సరిపోతుంది. తేలికగానూ ఉంటుంది. తెల్లవారుజామున, సాయంసంధ్యలో కూడా పులికాట్, చిలికా వంటి సరస్సుల దగ్గర పక్షులను చూడాలనుకుంటే 8×42 మేలు. ముఖ్యంగా నక్షత్రాల కోసమైతే 10×50 తీసుకోవచ్చు. 50 మిల్లీమీటర్ల కటకం 7 మిల్లీమీటర్ల కనుపాప కంటే దాదాపు 50 రెట్లు ఎక్కువ కాంతిని సేకరిస్తుంది. రెండు పనులకూ ఒకటే కొనగలిగితే 8×42ను ఎంచుకోండి.

లోపల ఏముంది?

వస్తుకటకం ఏర్పరచే తలకిందుల ప్రతిబింబాన్ని నిటారుగా చేసేవి పట్టకాలు. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పొర్రో 1854లో పేటెంటు పొందిన అమరికను పొర్రో పట్టకాలు అంటారు. ఈ రకంలో కటకాల గొట్టాలు మెలిక తిరిగినట్లు ఉంటాయి. రూఫ్ పట్టకాలున్న రకంలో గొట్టాలు తిన్నగా, సన్నగా ఉంటాయి. చూడడానికి ఇవే అందంగా ఉన్నా, రూఫ్ పట్టకాన్ని అత్యంత కచ్చితంగా తయారు చేయాలి. తక్కువ ధరలో ఆ కచ్చితత్వం దొరకడం కష్టం. అందువల్ల డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు, అదే ధరకు పొర్రో రకమే సాధారణంగా మెరుగైన ప్రతిబింబాన్ని ఇస్తుంది.

పట్టకం గాజు కూడా ముఖ్యమే. పట్టకంలో కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందాలి. బాక్-4 గాజు వక్రీభవన గుణకం సుమారు 1.57, బీకే-7 గాజుది 1.52. గుణకం ఎక్కువైతే సందిగ్ధ కోణం తగ్గుతుంది కాబట్టి బాక్-4లో అంచు కిరణాలు కూడా పూర్తిగా పరావర్తనం చెందుతాయి.

ఇక పూతల సంగతి. పూత లేని గాజు తలం తన మీద పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనక్కి పంపుతుంది. కాంతి అలాంటి 10 తలాలను దాటితే చివరికి మిగిలేది 66 శాతమే. ప్రతి తలం మీదా అనేక పొరల పూత ఉంటే నష్టం బాగా తగ్గుతుంది. అద్దం మాదిరిగా ఎర్రగా తళతళలాడే పూతకు మోసపోకండి. అది ఎర్రటి కాంతిని వెనక్కి తోసేస్తుంది, దృశ్యాల రంగు మారిపోతుంది.

దుకాణంలో చేయదగిన పరీక్షలు

ఒక స్కేలు, ఒక ట్రేసింగ్ కాగితం ముక్క వెంట తీసుకువెళ్లండి.

1. వస్తుకటకం వ్యాసాన్ని స్కేలుతో కొలవండి. 30×60 అని రాసి, కటకం 30 మిల్లీమీటర్లు కూడా లేని చిన్న బైనాక్యులర్లు బజారులో కనిపిస్తుంటాయి. అలాంటివాటిని అక్కడే వదిలేయండి.

2. బైనాక్యులర్‌ను వెలుతురున్న గోడవైపు తిప్పి, కళ్లకు ఒక అడుగు దూరంలో పట్టుకుని అక్షికటకంలోకి చూడండి. వెలుగుచుక్క గుండ్రంగా ఉంటే మంచిది. అంచులు బూడిదరంగులో నలుచదరంగా కోసినట్లుంటే పట్టకం నాసిరకం.

3. అక్షికటకం వెనుక ట్రేసింగ్ కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరిపి, వెలుగుచుక్క స్పష్టంగా ఉన్నచోట వ్యాసం కొలవండి. దాన్ని ఆవర్ధనంతో గుణిస్తే, కటకంలో నిజంగా పనిచేస్తున్న వ్యాసం సుమారుగా వస్తుంది.

4. ట్యూబులైటు ప్రతిబింబాన్ని వస్తుకటకంలో చూడండి. ఆకుపచ్చ, ఊదా రంగుల్లో మందంగా కనిపిస్తే పూత ఉన్నట్లు. తెల్లగా మెరిస్తే లేనట్లు.

5. దూరంగా ఉన్న కరెంటు తీగను రెండు కళ్లతో కొద్ది నిమిషాలు చూడండి. తీగ రెండుగా చీలినా, కళ్లు లాగినట్లు అనిపించినా రెండు గొట్టాలు ఒకే వరుసలో లేవని అర్థం. దాన్ని కొనకండి.

కళ్లజోడు పెట్టుకునేవారు అక్షికటకం రబ్బరు అంచును మడిచి, జోడుతోనే చూడాలి. దృశ్యం మొత్తం కనిపించాలంటే అక్షికటకానికీ కంటికీ మధ్య 15 మిల్లీమీటర్లు, అంతకుమించి దూరానికి వీలుండాలి.

వాడకం, జాగ్రత్తలు

మొదట గొట్టాల మధ్య దూరాన్ని మీ కళ్లకు సరిపెట్టుకోండి. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి స్పష్టత తెచ్చుకోండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి అక్షికటకం దగ్గరి వలయాన్ని తిప్పండి. ఇక ఆపైన మధ్య చక్రం ఒక్కటే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: బైనాక్యులర్‌తో సూర్యుణ్ణి ఎన్నడూ చూడకండి. రెటీనాకు నొప్పి తెలియదు. కాలిన సంగతి తెలిసేసరికి చూపు శాశ్వతంగా దెబ్బతిని ఉంటుంది. అస్తమిస్తున్న సూర్యుడి పక్కన ఎగిరే పక్షి వెంట కూడా వెళ్లకండి.

కటకాలను చొక్కా కొంగుతో తుడవరాదు. ముందు మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాల్లో కటకాలకు బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచుకోండి.

ఏం చూడవచ్చు?

అర్ధచంద్రుడి వెలుగుచీకట్ల సరిహద్దులో బిలాలు, కృత్తికల్లో డజన్లకొద్దీ నక్షత్రాలు, చీకటి రాత్రుల్లో 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ మసక వెలుగు కనిపిస్తాయి. 10×50ని గోడకో చెట్టుకో ఆనించి నిలకడగా పట్టుకుంటే, 1610 జనవరిలో గెలీలియో చూసిన గురుగ్రహపు ఉపగ్రహాలను మీరూ చూడవచ్చు.

కాబట్టి మిత్రులారా, మీ డబ్బును ఆవర్ధనానికి కాదు, కాంతికీ నిలకడకూ పెట్టండి. మీ పాఠశాలలోనో కళాశాలలోనో బైనాక్యులర్ ఉంటే, మూడో పరీక్షను ఈ వారమే చేసి చూడండి. దాని మీద రాసిన సంఖ్యకూ మీరు కొలిచినదానికీ తేడా ఎంతో మీ నోటుపుస్తకంలో రాసుకోండి.