రాజశాసనము, మనస్సాక్షి: బాంగర్ బిషప్పు వివాదము

మనుష్యుడు దేవుని నేరీతిని కొలువవలెనో నిర్ణయించు నధికార మెవరిది? రాజుదా, గురువుదా, కొలుచువానిదేనా? ఇది మిక్కిలి పాత ప్రశ్న. ఇంగ్లండు దేశమున 1717వ సంవత్సరమున నొక్క యుపన్యాసము మూలమున ఈ ప్రశ్న రాజసభను, మతపీఠములను, పుస్తకముల యంగళ్లను గూడ నుడికించినది. ఆ యుపన్యాసము గావించినవాడు బాంగర్ బిషప్పు బెంజమిన్ హోడ్లీ. ఆ వృత్తాంతమును నేడు మీకు విన్నవింతును.

ముందుగా ఆ దేశపు మతవ్యవస్థను కొంత యెరుగవలెను. ఇంగ్లండులో రాజ్యముతో ముడివడిన క్రైస్తవసంఘ మొకటి కలదు. ఆ కాలమున దానికి రాజే యధినేత. బిషప్పులను నియమించువాడును రాజే. ఆ బిషప్పులు పార్లమెంటునందలి ప్రభువుల సభలో కూర్చుండి శాసనములు చేయుచుండిరి. 1673వ సంవత్సరపు శాసనము ప్రకారము రాజోద్యోగమున చేరువాడు ఆ సంఘపు పద్ధతిని ప్రభుభోజన సంస్కారము పొంది తీరవలెను. అన్యపద్ధతులవారు ఎంత సమర్థులైనను వారికి కొలువు దుర్లభము.

ఇట్లుండగా 1688లో రెండవ జేమ్సు రాజు దేశము విడిచి పారిపోయెను. అతని యల్లుడు విలియము, కుమార్తె మేరీ సింహాసన మెక్కిరి. గురువులందరును క్రొత్త ప్రభువులకు విధేయులమని ప్రమాణము చేయవలసి వచ్చెను. కాంటర్బరీ ప్రధానబిషప్పు శాన్‌క్రాఫ్టును, ఇంచుమించు నాలుగువందల మంది గురువులును అందుకు సమ్మతింపరైరి. జేమ్సు బ్రతికియుండగా అతనికిచ్చిన మాట తప్పుట యెట్లని వారి వాదము. వారు పదవులు కోల్పోయిరి కాని మాట కోల్పోలేదు.

1714లో హానోవరు వంశీయుడగు మొదటి జార్జి రాజయ్యెను. మరుసటి యేటనే జేమ్సు కుమారుని పక్షమువారు తిరుగుబాటు చేసి యోడిపోయిరి. 1716లో, ప్రమాణము నిరాకరించినవారిలో పెద్దయగు జార్జి హిక్సు వ్రాసిన పత్రములు అతని మరణానంతరము ప్రకటింపబడెను. నిజమైన సంఘము తమదేననియు, ప్రభుత్వమునకు లొంగినవారు సంఘమునుండి వెడలిపోయినవారే యనియు అందలి సారాంశము. ఇది పండితుల గొడవయేయని త్రోసివేయరాదు. ఈ మాట నిజమైనచో మారుమూల పల్లెలో సామాన్యుడు తన గురువు చేతుల మీదుగా పొందిన సంస్కారములు చెల్లునా, చెల్లవా యను సందేహము ప్రతి యింటను పుట్టును.

దీనికి బదులు చెప్ప బూనినవాడు హోడ్లీ. ఇతడు 1676లో కెంటు మండలమునందలి వెస్టర్‌హాములో జన్మించెను. కేంబ్రిడ్జిలో చదువుకొనునాడు జబ్బుచేసి కాళ్లు చెడెను. చేతికఱ్ఱలు లేనిదే నడువలేడు. ప్రసంగ పీఠముపై నిలువలేక మోకాళ్లూని ప్రసంగించెడివాడు. శరీరము దుర్బలమైనను కలము మాత్రము మిక్కిలి వాడియైనది. ప్రజలను పాడుచేయు రాజు నెదిరించుట పాపము కాదని 1705 నాటికే వాదించి, విగ్గు పక్షమువారి మన్నన పొందెను.

1717 మార్చి 31వ తేదీన జార్జి రాజు సమక్షమున హోడ్లీ ప్రసంగించెను. తన రాజ్యము ఈ లోకమునకు చెందినది కాదని క్రీస్తు పిలాతునకు చెప్పిన బదులే ఆనాటి విషయము. హోడ్లీ చెప్పినది క్లుప్తముగా ఇది: సంఘమునకు రాజు క్రీస్తొక్కడే. ఆయన తనకు ప్రతినిధులుగా ఎవరిని నియమించి పోలేదు. కావున పరలోక విషయములలో ఒకరి మనస్సాక్షికి తీర్పు చెప్పు నధికారము ఏ బిషప్పునకును లేదు, ఏ సభకును లేదు. బహుమానములు చూపియు దండనలు చూపియు మనుష్యుని నమ్మింపజూచుట ఈ లోకపు రాజుల రీతియే గాని దేవుని రీతి కాదు.

ఒక బిషప్పు నోట ఈ మాటలు వెలువడుట కొందరికి కూర్చున్న కొమ్మను నరకుకొనుటవలె తోచెను. కాంటర్బరీ మతాచార్యసభలోని క్రింది సభవారు ఆ మేనెలలో హోడ్లీ వ్రాతలను ఖండించుచు నివేదిక సిద్ధపరచిరి. ఇట్టి బోధ సంఘపాలనను కూలద్రోయుననియు, మత విషయములలో రాజునకు గల యధికారమును గూడ త్రుంచుననియు వారి యభియోగము. అది పైసభ విచారణకు రాకమునుపే రాజు సభను వాయిదా వేయించెను. ఆ వాయిదా సామాన్యమైనది కాదు. 1852 వరకు, అనగా 135 ఏండ్లు, ఆ సభ పేరునకు కూడి లేచుటయే గాని చెప్పుకొనదగిన కార్యమేదియు నడుపలేదు.

సభ మూతపడినను ముద్రాయంత్రములు మూతపడలేదు. ఏబదిమందికి పైగా రచయితలు కలము పట్టిరి. వెలువడిన చిన్నపొత్తములు ఇన్నూరుకు తక్కువ కావు. ఈటన్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఆండ్రూ స్నేపు, పండితుడగు థామస్ షెర్లాకు హోడ్లీని ఎదుర్కొని, రాజగురువుల పట్టికనుండి తొలగింపబడిరి. వాదము కొంతకాలమునకు దారి తప్పి, హోడ్లీ యింట నున్న ఉపాధ్యాయుడు పూర్వము జెస్యూటు కాడా యను నిందలలోనికి దిగెను.

వీరందరిలో సూటిగా ప్రశ్నించినవాడు విలియం లా. ఇతడు జార్జి రాజునకు ప్రమాణము చేయనొల్లక తన కళాశాల పదవిని వదలుకొన్నవాడు. మనసున కపటము లేకుండుటయే చాలునన్నచో సత్యమునకును అసత్యమునకును భేద మెక్కడిది? గురువునకు అధికారమే లేనిచో బిషప్పు పదవి దేనికి? ఇవి అతని ప్రశ్నలు. వీనికి హోడ్లీ తృప్తికరమైన ప్రత్యుత్తరమీయలేదు.

అయినను హోడ్లీ వాదము వట్టిపోలేదు. ఉద్యోగము కొరకు సంస్కారము పొందవలెనను శాసనము పవిత్రకార్యమును కొలువునకు రశీదుగా మార్చుననియు, అన్యపద్ధతులవారికి అన్యాయమనియు అతడు వాదించెను. 1719లో ఆ వర్గములవారి పాఠశాలలను నిషేధించిన శాసనము రద్దయ్యెను. ఉద్యోగములకు సంబంధించిన నిబంధన మాత్రము 1828 వరకు తొలగలేదు. హోడ్లీ గతించి అప్పటికి అరువదియేడేండ్లు.

హోడ్లీ జీవితమున మరియొక ముఖము కలదు. దైవరాజ్య మీ లోకమునకు చెందదని బోధించిన యితడు రాజానుగ్రహమున 1721లో హెరిఫర్డుకును, 1723లో సాలిస్‌బరీకిని, 1734లో మిక్కిలి సంపన్నమగు వించెస్టరు పీఠమునకును ఎగబ్రాకెను. బాంగరు మండలమున ఒక్కమారైనను అడుగిడలేదని విమర్శకులు దెప్పిరి. రాజు మతమున చేయి పెట్టరాదన్నవాని పక్షమున మతాచార్యసభ నోరు మూయించినది ఆ రాజు చేయియే. దీపము క్రింద చీకటి యన్నట్లు, స్వేచ్ఛను గూర్చిన వాదము గెలిచినచోటనే ఎదుటివారి స్వేచ్ఛ యోడిపోయినది.

అట్లని మాటను మనిషితోపాటు పారవేయరాదు. విత్తనము నిచ్చినవాని నడత వేరు, విత్తనపు సత్తువ వేరు. ప్రమాణము తప్పనొల్లక పదవి విడిచిన లాయును, మనస్సాక్షిపై పరుల పెత్తనము వలదన్న హోడ్లీయును ఎదురుపక్షములవారే. కాని భయపెట్టియో ఆశపెట్టియో పుట్టించిన విశ్వాసము విశ్వాసము కాదని ఒకడు నోటితో చెప్పెను. రెండవవాడు పదవిని వదలి చూపెను. ఎవరి ఋజువు బలమైనదో పెద్దలగు మీరే నిర్ణయింతురుగాక.